బొంతకంటిన ఇనుప నూగు

నర్మెట్ట,
జూలై 3.

తమ్ముడు ఓదెలుకు,

నా పేరు ముత్తమ్మ. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డులో అరవై ఎనిమిదని ఉంది, అది రాసినవాడి తప్పు. ఊరు నర్మెట్ట, జనగామ జిల్లా. ఇంట్లో ఉన్నది నేను, కోడలు రజని, మనవరాలు షారోన్. మొన్న ఏప్రిల్ దాకా నా కొడుకు జీవన్ కూడా ఉన్నాడు. తోడబుట్టిన తమ్ముడికి ఇవన్నీ చెప్పాల్సిన పని లేదు. కానీ ఈ మధ్య నువ్వు మమ్మల్ని ఎరగనట్టే ఉంటున్నావు కాబట్టి మొదటి నుంచి రాయిస్తున్నాను.

మాట నాది, చేతిరాత షారోన్‌ది. నా మాటను బడి తెలుగులోకి దిద్దుతోంది. దిద్దుకోనీ, అర్థం మారకుంటే చాలు.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తితే "సిగ్నల్ లేదక్కా" అంటావు. మరిపెడ నడి సెంటర్లో టిప్పర్ల యజమాని రామ్మోహన్ షెడ్డులో మెకానిక్‌గా కూర్చున్నవాడికి సిగ్నల్ ఉండదా? అందుకే కాయితం పట్టాను. ఫోనులో అన్న మాటను రేపు అనలేదనొచ్చు.

సంగతి ఇది. మొన్న ఇన్సూరెన్సు మనిషి ఇంటికి వచ్చాడు. మంచి చొక్కా, మెత్తని మాట. జీవన్ భూపాలపల్లి నుంచి బొగ్గు టిప్పరు తెస్తుంటే దిగుడులో వెనక చక్రాలు బిగుసుకుని బండి బోర్లా పడింది కదా, దానికి కారణం దొరికిందన్నాడు. బండిని అరవై దాటనివ్వకుండా పట్టి ఉంచే స్పీడు గవర్నర్ ఒకటుంటుందట. స్పీడును కొలిచే సెన్సర్ వైరు పీకేస్తే గవర్నర్‌కు కళ్ళు పోయినట్టేనట. పడిన బండిలో ఆ వైరు ఊడి ఉందట. ట్రిప్పుల ఆశకు డ్రైవరే పీకాడు, అడ్డగోలుగా ఉరికించాడు, చచ్చాడు అని తేల్చారు. "వైరు నేను బిగించే పంపాను" అని షెడ్డు మెకానిక్ సంతకం చేశాడన్నాడు.

షెడ్డు మెకానిక్ అంటే నువ్వే కదా.

రజని ఏడవలేదు. లోపలికి పోయి బియ్యం ఏరుతూ కూర్చుంది, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది. నేను నిన్ను అడిగేది ఒక్కటే. జీవన్ ఆ వైరు పీకాడా? అవును, కాదు, రెంటిలో ఒకటి రాయి.

ఇంకొకటి కూడా మనసులో ఉంది. వాణ్ణి సమాధిలో దించేటప్పుడు, మేనమామవు, పిడికెడు మట్టి వేయకుండానే వెళ్ళిపోయావు. బస్సు టైమైందన్నావు. ఒక బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది. మేనల్లుడు మళ్ళీ చావడు.

నీ అక్క,
ముత్తమ్మ (వేలిముద్ర)


మరిపెడ,
జూలై 11.

అక్క ముత్తమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. షెడ్డు అడ్రసుకు వేశావు. ఇక ముందు ఇంటికి వెయ్యి.

నీకు బాధ ఉంది, నాకు లేదని అనుకోకు. జీవన్‌కు బండి నేర్పింది నేను. కానీ అక్కా, నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. గేర్‌బాక్స్ వెనక కొసన బొటనవేలంత ముక్క ఒకటి ఉంటుంది. లోపల తిరిగే పళ్ళ చక్రాన్ని అది లెక్కపెట్టి, స్పీడు ముల్లుకు చెబుతుంది. అదే సెన్సర్. అది చెడితే బండి ఉరుకుతున్నా ముల్లు సున్నా మీద పడుతుంది, మళ్ళీ ఎగురుతుంది, మళ్ళీ పడుతుంది. ముల్లు ఎగిరినప్పుడల్లా గవర్నర్ భయపడి ఇంజనును పట్టి లాగుతుంది. బండి కుదుపుతుంది.

ఆ బండికి చలికాలం నుంచే ఈ జబ్బు. మొదటిసారి తీసి తుడిచి పెట్టాను, నడిచింది. మళ్ళీ వచ్చింది, కొత్తది వేశాను. మళ్ళీ వచ్చింది. ఈ బండ్లకు అది మామూలే. దుమ్ము, గుంతలు, వానలు. షెడ్డులో మేం చూసింది చెప్పాం. దారిలో ఏం జరిగిందో దేవుడికే తెలుసు.

రామ్మోహన్ సారు చెడ్డవాడు కాదు. రజనికి జనగామ దిక్కు పత్తి మిల్లులో పని చూపిస్తానన్నాడు. పెద్దవాళ్ళతో కయ్యం పెట్టుకుని మనం సాధించేదేమీ లేదు. నువ్వు కాయితాలు రాయిస్తూ పోతే ఆ పని కూడా పోతుంది.

మా గణేశ్‌కు ఈ నెలలో పని దొరికింది. ఇన్నాళ్ళకు ఇంట్లో ఒక మంచి మాట విన్నాం. షారోన్ బాగా చదువుకోవాలి.

నీ తమ్ముడు,
ఓదెలు


నర్మెట్ట,
జూలై 20.

ఓదెలుకు,

అవును, కాదు, రెంటిలో ఒకటి రాయమన్నాను. రెండు పేజీలు రాశావు, ఆ ఒక్క మాట లేదు.

నువ్వు రాసిన బొటనవేలంత ముక్క నా దగ్గరే ఉంది. ఉలిక్కిపడ్డావా?

మార్చిలో జీవన్ సెలవు మీద వచ్చినప్పుడు నేను అరుగు మీద బొంత కుడుతున్నాను. నా చూపు సంగతి తెలుసు కదా, కుట్టిన దానికంటే జారిన సూది వెతికిన పొద్దే ఎక్కువ. వాడు జేబులోంచి ఈ ముక్క తీసి నా ఒళ్ళో పడేశాడు. "అవ్వా, గిది నీకే. సూది పడితే నేల మీద గిట్ల తిప్పు, అదే అంటుకుంటది. దీని కొసకు అయస్కాంతం ఉంటది" అన్నాడు. అట్లనే అంటుకుంది. నవ్వాను. నా కొడుకు నాకు తెచ్చిన ఆఖరి వస్తువు అది.

ఇప్పుడు విను. ఆ రోజు దాని కొసకు నల్లటి నూగు ఉంది, గొంగళి పురుగు వీపులాగా. మొదటి సూది నల్లగా వచ్చింది. బొగ్గు బండిది కాబట్టి బొగ్గే అనుకున్నాను. బొంత లోపలి మడతకు గట్టిగా తుడిచి, తర్వాత కిరసనాయిలుతో కడిగాను. శుభ్రం చేశాననుకున్నాను.

నీ ఉత్తరం షారోన్ చదివి వినిపించాక నాకు అనుమానం పుట్టింది. జీవన్ సద్ది సంచి ఇంకా కొయ్యకే వేలాడుతోంది. దాని అడుగున బొగ్గు పొడి ఉంది. కాయితం మీద దులిపి ఈ ముక్కను పైన తిప్పాను. పొడి కదల్లేదు. బొంత మడత విప్పి ఆ మరక మీద తిప్పాను. మరక లేచి నిలబడింది, ఓదెలూ. చలికి మనిషి ఒంటి మీద వెంట్రుకలు లేచినట్టు లేచింది. షారోన్ చూసింది, రజని చూసింది.

అది బొగ్గు కాదు, ఇనుము. గేర్‌బాక్స్‌లో ఇనుప పిండి ఎక్కడిది? నేను బండి ఎక్కినదాన్ని కాదు గానీ తిరగలి తిప్పినదాన్ని. పిండిలో రాతి పలుకు వస్తే జల్లెడ మార్చుకుంటూ కూర్చోం. రాయి లేపి చూస్తాం. నువ్వు జల్లెడ ఎన్నిసార్లు మార్చావు?

గణేశ్‌కు పని దొరికిందని రాశావు, ఏ పనో రాయలేదు. రాయకపోయినా తెలిసింది. జీవన్ బట్టలు, ప్లేటు డ్రైవర్ల గదిలో ఉండిపోయాయని రజని మొన్న భూపాలపల్లి పోయింది. బొగ్గు తూచే కాంటా దగ్గర బండ్ల వరుసలో ఆ టిప్పరు నిలబడి ఉందట. కొత్త రంగు వేశారట. ముందు అద్దం మీద జీవన్ తన బిడ్డ పేరు రాయించుకున్నాడు కదా, గీకినా షారోన్ అన్న అక్షరాల జాడ పోలేదట. ఆ అద్దం వెనక నీ కొడుకు కూర్చుని ఉన్నాడు. రజనిని చూసి దిగి, తల దించుకుని, "నాకు గీ బండే ఇచ్చిండ్రు అక్కా, నేనేం జేయాలె" అన్నాడట.

నీ కొడుకును దింపు. నా మీద కోపముంటే ఉంచుకో. వాణ్ణి మాత్రం దింపు.

ముత్తమ్మ (వేలిముద్ర)


మరిపెడ,
జూలై 29.

అక్కకు,

నా నోరు తెరిపించేదాకా నీకు నిద్ర పట్టదు. సరే, తెరుస్తున్నాను. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యి. షారోన్‌కు కూడా చెబుతున్నాను, కాల్చెయ్యి బిడ్డా.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పాత సామాను స్టోరు కిటికీలో పెడితేనే కొత్త సామాను ఇస్తారు. పాతది అమ్ముకుని లేనిపోని లెక్క చెబుతారని సారు పెట్టిన రూలు. రెండోసారి ముల్లు పడ్డప్పుడు స్టోరు మనిషి కొత్తది ముందే ఇచ్చి బయటికి పోయాడు, తిరిగి రాలేదు. పాతది జీవన్ చేతికిచ్చి, రేపు అప్పజెప్పమన్నాను. వాడు జేబులో వేసుకుని ఇంటికి పోయాడు.

ఏప్రిల్‌లో మూడోసారి ముల్లు పడింది. కొత్తది అడిగితే స్టోరు మనిషి మొన్నటి పాతది ఇంకా లెక్కకు రాలేదు, అదేదన్నాడు. జీవన్‌ను అడిగాను. నవ్వాడు. "అవ్వకిచ్చిన మామా. సూదులేరుకుంటది. అడగబుద్ధయితలేదు" అన్నాడు. సారుకు ఫోను కలిపాను. పాతది తెచ్చేదాకా కొత్తది లేదన్నాడు. బండి ఆపే పనే లేదన్నాడు. వైరు తీసి పంపు, కుదుపు ఉండదు అన్నాడు.

తీసింది నేను. జీవన్ కాదు. సంతకం చేయమన్న చోట చేశాను. చేయకపోతే నేనెక్కడ, నా ఇల్లెక్కడ?

కానీ నువ్వొకటి ఆలోచించు. నీ ఒళ్ళో పడ్డ ఆ ముక్క స్టోరు కిటికీలో పడి ఉంటే కొత్తది వచ్చేది. వైరు తీసే అవసరమే వచ్చేది కాదు. నన్ను అడిగే ముందు నీ సూదుల డబ్బాను అడుగు.

గణేశ్ జాగ్రత్తగల పిల్లగాడు. మెల్లగా నడుపుతాడు.

ఓదెలు


నర్మెట్ట,
ఆగస్టు 9.

ఓదెలుకు,

నీ ఉత్తరం కాల్చాను. నీ రాతతో నిన్ను పట్టించను. చెప్పేదుంటే నీ నోటితో నువ్వే చెబుతావు.

ఆ ఉత్తరం చదివేటప్పుడు షారోన్ ఆఖరి మాటలు దాటేయబోయింది. ఏముందో చదవమని గద్దించాను. చదివింది. తర్వాత ఆ ముక్కను బావిలో పారేస్తానని లేచింది. పారేయనివ్వలేదు. రజని రెండు రోజులు నా ముఖం చూడలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, ముఖం చూడలేదు. నేనూ సూది ముట్టలేదు. ఆదివారం ప్రార్థనలో పాస్టరు జీవన్ పేరు తీసుకుంటే నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నీ మాట తగలాల్సిన చోటే తగిలింది.

కానీ నేను మొండిదాన్నని చిన్నప్పటి నుంచి నీకు తెలుసు. మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. స్పీడు ముల్లు పడితే చక్రాలెందుకు బిగుసుకుంటాయి? గుడ్డి మనిషికి చూపు లేదు గానీ కాళ్ళు విరగవు కదా. వైరు తీసినందుకు బండి ఉరికిందే అనుకో. ఉరికిన బండి పోయి దేన్నో గుద్దాలి. ఇది దేన్నీ గుద్దలేదు. తనంతట తానే బిగుసుకుని పడింది. ఎందుకు?

నువ్వే చెప్పాలి. ఆ కిటికీలో పాత ముక్క పడి, కొత్తది వచ్చి, నువ్వు దాన్ని బిగించి పంపి ఉంటే జీవన్ బతికేవాడా? అవును అని రాస్తే ఆ పాపం నాది. సచ్చేదాకా మోస్తాను, నిన్ను మళ్ళీ అడగను. కాదు అని రాస్తే అది ఎవరిదో కూడా రాయి.

రాసే ముందు ఒక పని చెయ్యి. ఒక్క రోజు గణేశ్ పక్కన కూర్చుని భూపాలపల్లి నుంచి బొగ్గు లోడుతో రా. నీ చెవులు మంచివి. చిన్నప్పుడు చెరువు అవతలి లారీని చూడకుండా పేరు చెప్పేవాడివి. ఆ చెవులతో ఆ బండిని విను.

ముత్తమ్మ (వేలిముద్ర)


మరిపెడ,
ఆగస్టు 21.

అక్కా,

కాదు.

కొత్తది వేసినా జీవన్ బతికేవాడు కాదు. ముందు ఆ ఒక్క మాట రాసి కలం పక్కన పెట్టి, మళ్ళీ ఎత్తాను.

నువ్వన్నట్టే గణేశ్ పక్కన కూర్చున్నాను. ఖాళీ బండికి ఏమీ లేదు. లోడు ఎక్కి రోడ్డు మీదికి వచ్చాక కింద నుంచి చిన్న మూలుగు. గణేశ్‌కు వినపడలేదు, వాడు పాట పెట్టుకున్నాడు. ఆపమన్నాను. ములుగు ఊరు దాటాక ముల్లు సున్నా మీద పడింది. బండి మాత్రం పోతూనే ఉంది. వాడు నవ్వి, "గట్లనే పడతది బాపూ, జర సేపట్ల లేస్తది" అన్నాడు. జీవన్ కూడా నాతో ఇదే మాట అన్నాడు, అక్కా. ఇదే నవ్వు.

పక్కకు ఆపించి, కిందికి దూరి సెన్సర్ విప్పాను. నూగు.

నీకు చెప్పనిది చెబుతున్నాను. ఆ నూగు నేను మొదటిసారే చూశాను. అదేమిటో నాకు తెలుసు. గేర్‌బాక్స్ వెనక బేరింగు అరిగి పిండి అవుతోంది. ఆ పిండి అయస్కాంతానికి పట్టి, సెన్సర్ కళ్ళు మూస్తోంది. సెన్సర్‌లో తప్పేమీ లేదు. అది చెప్పేది చెబుతూనే ఉంది. నేను దాని ముఖం తుడిచి మళ్ళీ పెడుతూ పోయాను. గేర్‌బాక్స్ దించాలని సారుకు చెప్పాను. అన్ని రోజులు బండి ఆపితే కాంట్రాక్టు పోతుందన్నాడు. ఏప్రిల్‌లో ఆ బేరింగు పగిలింది. వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టు ఊడి కింద కొట్టుకుంది, బ్రేకు గాలి పైపును తెంపింది. గాలి పోతే ఈ బండ్లకు చక్రాలు పట్టేసుకుంటాయి. దిగుడు, నిండు లోడు. డ్రైవరు చేసేదేమీ ఉండదు.

పడిన బండిని బాగు చేసింది కూడా మేమే. బేరింగు మార్చాం. గేర్‌బాక్స్ లోపల అది కూర్చునే షాఫ్టు అరిగిపోయి ఉంది, దాన్ని మార్చనివ్వలేదు. అందుకే కొత్త బేరింగు కూడా పిండి అవుతోంది.

గణేశ్‌ను ఆ రోజే దింపేశాను. నడుం నొప్పి అని చెప్పించాను. సారు పోశాలు అని పరకాల దిక్కు మనిషిని ఎక్కించాడు. మన పిల్లగాడు బయటపడ్డాడు, నీ పుణ్యమే. జీవన్ తప్పు లేదని నీకు తెలిసింది, నాకు తెలిసింది. ఇక ఇక్కడితో ఆపుదాం అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఓదెలు


నర్మెట్ట,
సెప్టెంబరు 2.

ఓదెలుకు,

నీ కొడుకు దిగాడు. ఇంకొక తల్లి కొడుకు ఎక్కాడు. ఇక్కడితో ఆపుదామంటున్నావు.

నేను, రజని భూపాలపల్లి పోయాం. బొంత మడిచి నెత్తిన పెట్టుకుని పోయాను. బస్సులో కండక్టరు "గీ ఎండల బొంతెందుకే అవ్వా" అన్నాడు. నా కొడుకు దీంట్లో ఉన్నాడని చెబితే జడుసుకుంటాడని ఊరుకున్నాను.

పోశాలు కాంటా దగ్గర చాయ్ తాగుతున్నాడు. నలభై ఉంటాయేమో. బక్క మనిషి, నవ్వు ముఖం. నేను ఆ బండి పాత డ్రైవరు తల్లినని చెప్పగానే లేచి నిలబడి గ్లాసు పక్కన పెట్టాడు. బల్ల మీద బొంత పరిచాను. ముక్కను మరక మీద తిప్పాను. నూగు లేచింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు దగ్గరికి వచ్చారు. నువ్వు నాకు చెప్పిందంతా చెప్పాను, నీ పేరు మాత్రం చెప్పలేదు. ఒకడు "ఏం మాయ జేస్తున్నవే ముసలిదానా" అన్నాడు. నవ్వినవాళ్ళు కొందరు. పోశాలు నవ్వలేదు.

"ముల్లు పడ్డదా నీకు?" అని అడిగాను.

"పడతనే ఉన్నదవ్వా."

"మరి దిగు."

మరకను వేలితో తడిమి చూశాడు. "దిగుతా. దిగి ఇంటికి పోతే మా లచ్చమ్మ తలుపుకాడ నిలబడి ఎందుకొచ్చినవని అడుగుతది. గా ముసలామె బొంత చూపిచ్చిందని చెప్పాల్నా? మెకానిక్ బాగున్నదంటుండు. సేటు బాగున్నదంటుండు. నువ్వొక్కదానివే బాగలేదంటున్నవు. నీ దిక్కు ఎవ్వలన్న ఉన్నరా అవ్వా?"

ఉన్నాడు, మరిపెడలో ఉన్నాడు, మెకానిక్కే ఉన్నాడు, అన్నీ తెలిసినవాడే, కానీ నోరు పడిపోయింది అని చెప్పాలా? బొంత మడుచుకున్నాను. అతను బండెక్కాడు. పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. ఆ దండం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. చెక్కపెట్టెలో పడుకోబోయేవాడు పెట్టినట్టే ఉంది.

రవాణా అధికారికి కాయితం రాయిస్తున్నాను. సాక్షులు కావాలని షారోన్ అంటోంది. కోడలిని, మనవరాలిని సాక్షులంటే నవ్వుతారట. నేను నిన్ను రమ్మని ఇక అడగను. అడిగేవి అయిపోయాయి. రోజూ పొద్దున్నే లేచి పోశాలు బండి మరిపెడ దాటిందా లేదా అని నువ్వే చూసుకో. చూడటం నీ పని, ఊరుకోవడం నీ పని.

ముత్తమ్మ (వేలిముద్ర)


మరిపెడ,
సెప్టెంబరు 9.

అక్కా,

నిన్న పొద్దున పోశాలు లోడు బండిని షెడ్డులోకి తెచ్చి పెట్టాడు. దిగి, నా ముందు నిలబడి, "నిజం జెప్పు మిస్త్రీ. బాగున్నదా?" అన్నాడు. సారు పక్కనే కుర్చీలో ఉన్నాడు. స్టోరు మనిషి ఉన్నాడు. అందరూ విన్నారు.

నేను "లేదు" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఇన్ని నెలలు పట్టింది. పోశాలు తాళం చెవి సారు కుర్చీ చేతి మీద పెట్టి రోడ్డెక్కాడు. సారు ఇంకొక డ్రైవరుకు ఫోను కలిపాడు. నా ముందే కలిపాడు. మెకానిక్ కోసం కూడా వెతుక్కుంటాడు.

సెన్సర్ నేను విప్పి తెచ్చాను. తుడవలేదు. గురువారం వస్తున్నాను. సాక్షుల దగ్గర నా పేరు మొదట రాయించు.

ఓదెలు


నర్మెట్ట,
సెప్టెంబరు 12.

భూపాలపల్లి రవాణా అధికారి గారికి,

నా పేరు ముత్తమ్మ. వయసు డెబ్బై దాటింది. నర్మెట్టలో ఉంటాను. బొంతలు కుడతాను. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం. మొగవాడు ఒకడుండేవాడు, జీవన్, నా కొడుకు. రామ్మోహన్ గారి బొగ్గు టిప్పరు నడుపుతూ ఏప్రిల్‌లో చనిపోయాడు. నాకు చదువు రాదు. చెబుతున్నాను, నా మనవరాలు రాస్తోంది.

నా కొడుకు స్పీడు సెన్సర్ వైరు పీకి అడ్డగోలుగా నడిపాడని మీ కాయితాల్లో ఉంది. అది అబద్ధం. వైరు తీసింది యజమాని మాట మీద మెకానిక్. ఆ మెకానిక్ నా తమ్ముడే. ఇప్పుడు నా పక్కన కూర్చుని ఉన్నాడు. ఈ వాక్యం తానే చెబుతానంటే చెప్పనిచ్చాను: "తీసింది నేను, చచ్చింది వాడు, సంతకం పెట్టింది నేను."

కానీ నేను ఈ కాయితం రాయించేది వైరు కోసం కాదు. వైరు ఉన్నా నా కొడుకు పోయేవాడే. ఆ గేర్‌బాక్స్ లోపల ఇనుము పిండి అవుతోంది. సెన్సర్ చెడినప్పుడల్లా సెన్సర్‌ను మార్చారు, తుడిచారు, చివరికి దాని నోరు కట్టేశారు. మీరు నా మాట నమ్మొద్దు. దీంతో మూడు వస్తువులు తెచ్చి ఇస్తున్నాను. ఒకటి, మార్చిలో నా కొడుకు నాకిచ్చిన పాత సెన్సర్. దాన్ని తెలియక కడిగేశాను. రెండు, నేను దాన్ని తుడిచిన బొంత. మరక ఉన్న చోట ఎర్ర దారంతో చుట్టూ కుట్టాను. కడిగిన సెన్సర్‌ను ఆ మరక మీద తిప్పండి. మూడు, ఈ వారమే అదే బండి నుంచి విప్పిన సెన్సర్. గుడ్డలో చుట్టాం. దయచేసి తుడవొద్దు.

బొంత నాకు తిరిగి ఇప్పించాలి. అందులో నా కొడుకు చొక్కాలు ఉన్నాయి.

ఆ బండిని నా కొడుకు నడిపాడు. తర్వాత నా మేనల్లుడు నడిపాడు. తర్వాత పోశాలు నడిపాడు. ఇప్పుడు నాలుగో మనిషి కోసం ఫోన్లు పోతున్నాయి. ఆయన పేరు నాకు తెలియదు. ఊరు తెలియదు. పెళ్ళయిందో, పిల్లలున్నారో తెలియదు. ఆయన తల్లి ఎవరో తెలియదు. ఈ వేలిముద్ర ఆమె తరఫున వేస్తున్నాను. బండి ఆపండి. ఆపకపోతే ఏమవుతుందో మీకు తెలియదని ఇక ఎవరూ అనలేరు. ఈ కాయితం మీకు ముట్టిందని సంతకం తీసుకునే వెళతాను.

చదివి వినిపించారు. విన్నాను. నేను చెప్పిందే ఉంది.

ముత్తమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు. ఓదెలు తన పేరు మొదట రాయమన్నాడు. ముందు నిలబడినవాళ్ళే ముందు ఉంటారని నేనే ఇట్లా రాయించాను:

రజని, జీవన్ భార్య.
షారోన్, జీవన్ కూతురు, ఇది రాసినది.
పోశాలు, ఆ బండి దిగి, ఈ కాయితం కోసం పరకాల దిక్కు నుంచి భార్యతో వచ్చినవాడు.
లచ్చమ్మ, అతని భార్య, ఎందుకు దిగావని అడగనిది.
ఓదెలు, మెకానిక్, ఆ గేర్‌బాక్స్ దగ్గర నిజాన్ని మూడుసార్లు తుడిచినవాడు.